కళ్ల కింద నలుపు: ట్యూబు కొనే ముందు ఒకసారి అద్దం చూడండి

గుంటూరులో మాకో మందుల షాపు ఉంది. నేను ఫార్మసిస్టుని, కౌంటర్లో కూర్చునేదీ నేనే. "కళ్ల కింద నల్లబడింది మేడం, ఏదైనా మంచి క్రీమ్ ఇవ్వండి" అని అడగని రోజు ఉండదు. ఇంటర్ చదివే పిల్లల దగ్గర్నుంచి మనవరాలి పెళ్లి పెట్టుకున్న మామ్మగార్ల దాకా అందరిదీ అదే మాట. ఏదో ఒక ట్యూబు చేతిలో పెట్టి పంపిస్తే నాకు బేరమే. కానీ అందరి నలుపూ ఒకటి కాదు. ఒకరికి పనిచేసిన క్రీమ్ ఇంకొకరికి డబ్బు దండగ, మరొకరికి ఉన్న నలుపుకి తోడు మంట. కాబట్టి ముందు మీది ఏ నలుపో తేల్చుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.

పొద్దున్నే ముఖం కడుక్కుని, కాటుక లేకుండా, కిటికీకి ఎదురుగా చేతి అద్దం పట్టుకుని నిలబడండి. ట్యూబ్‌లైటు కింద వద్దు. వెలుతురు నెత్తి మీద నుంచి పడితే ఎవరి కళ్ల కిందైనా నీడ కడుతుంది. లిఫ్టు అద్దంలోనూ బట్టల షాపు ట్రయల్ రూములోనూ చూసుకుని బెంగ పెట్టుకునేవాళ్లలో చాలామంది ఆ లైటు బాధితులే.

ఇప్పుడు వేలితో కింది రెప్ప దిగువ చర్మాన్ని మెల్లగా కిందికి లాగండి. గోధుమ రంగు ఏమీ మారకుండా చర్మంతో పాటే కదిలితే అది చర్మంలో పేరుకున్న రంగు, అంటే మెలనిన్. లాగినప్పుడు నీలంగానో ఊదాగానో ఇంకా బాగా తేలితే అది అడుగున ఉన్న రక్తనాళాల రంగు. రెప్పల దగ్గర చర్మం మందం సుమారు అర మిల్లీమీటరే. ఒంట్లో ఇంకెక్కడా అంత పల్చగా ఉండదు, అందుకే లోపలిది పైకి కనిపిస్తుంది. ఆ తర్వాత గడ్డం పైకెత్తి, వెలుతురు నేరుగా ముఖం మీద పడేలా నిలబడి మళ్లీ చూడండి. నలుపు చాలావరకు మాయమైతే అక్కడ రంగు లేదు, కంటి కింది గుంట వేస్తున్న నీడ ఉంది. వయసు పైబడినప్పుడు, లేదా ఉన్నట్టుండి బరువు తగ్గినప్పుడు ఈ గుంట లోతవుతుంది.

చాలామందికి రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. మన చామనఛాయ ఒంటికి గోధుమ రంగు రకం మామూలే. అమ్మకీ మేనత్తకీ చిన్నప్పటి నుంచీ అలాగే ఉండి, మీకు పై రెప్పలు కూడా నల్లగా ఉంటే అది ఇంటి పోలిక. కొంత తగ్గించుకోవచ్చు. పూర్తిగా పోగొట్టే ట్యూబు నా షాపులో లేదు, ఎవరి షాపులోనూ లేదు.

అద్దం చేతిలో ఉండగానే ఇంకో మూడు చూసుకోండి. కింది రెప్ప లోపలి పొర ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా? మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్‌లా తయారైందా? ముక్కు ఎప్పుడూ దిబ్బడగా ఉంటుందా? వీటి గురించి కింద చెబుతాను.

ముందు చేతిని అదుపులో పెట్టాలి

మా ఊళ్లో ఉండి మిర్చి మాట ఎత్తకుండా ఈ విషయం చెప్పలేను. సీజన్లో మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే ఆ ఘాటు రోడ్డు మీదికే వస్తుంది. తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు, హమాలీలు, గుమాస్తాలు సాయంత్రానికి ఎర్రబడ్డ కళ్లతో షాపుకొస్తారు. మందు అడుగుతూ అడుగుతూనే కన్ను నలుపుకుంటారు. వేలి కణుపులతో, ముక్కు పక్క నుంచి చెవి వైపుకి, చర్మం ముడతలు పడి మళ్లీ సాగేలా, ఐదారు సార్లు. ఆపమంటే "దురద ఆగట్లేదండీ" అంటూ ఈసారి కొంగుతో మొదలుపెడతారు. నెలల తరబడి ఇలా రాపిడి తగిలితే చర్మం రంగును ఎక్కువగా తయారుచేసుకుంటుంది. గోధుమ రంగు నలుపుకి నేను కౌంటర్లో కళ్లారా చూసే కారణాల్లో ఇదే పెద్దది. యార్డు సంగతి వదిలేసినా దుమ్ము పడనివాళ్లు, పొద్దున లేవగానే వరసగా పది తుమ్ములు తుమ్మేవాళ్లు చేసేదీ ఇదే. పైగా ముక్కు దిబ్బడగా ఉన్నప్పుడు కళ్ల కింది సిరల్లో రక్తం సాఫీగా వెనక్కి పోదు, అక్కడ నీలంగా కనిపిస్తుంది. అలర్జీ మనుషులకు నీలం, గోధుమ రెండూ ఒకదాని మీద ఒకటి చేరతాయి.

మిర్చి పట్టుకున్న చేతులకు ముందు కాస్త వంటనూనె రాసుకుని, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఆ ఘాటు నీళ్లతో వదలదు, నూనెలో కరుగుతుంది. ఆవకాయ కారం కలిపిన రోజు ఇంట్లోవాళ్లకి కూడా ఇదే పద్ధతి. కన్ను దురద పెడితే మంచినీళ్లతో కడిగి, నాలుగు మడతలు పెట్టిన తడి చేతిరుమాలు ఫ్రిజ్‌లో ఉంచింది తీసి మూసిన కళ్ల మీద ఐదు నిమిషాలు వేసుకోండి. చల్లదనానికి దురదా తగ్గుతుంది, ఉబ్బూ తగ్గుతుంది. కళ్లు పొడిబారి దురద పెడుతుంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు (కన్నీళ్లలా తడినిచ్చేవి) వాడొచ్చు. సీసా మూత తీసిన నెలకి పారేయాలి. ఎరుపు పోవడానికని, ఇంట్లో పాత సీసా ఉంది కదా అని స్టెరాయిడ్ కలిసిన చుక్కలు మాత్రం వేసుకోవద్దు. అవి కంట్లో ప్రెషర్ పెంచుతాయి.

అలర్జీకని రాత్రిళ్లు సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మత్తు వస్తుంది, వేసుకుని బండి నడపకూడదు. వారాల తరబడి దాని మీదే బతకాల్సి వస్తుంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి. ఆయన రాసిన ముక్కు స్ప్రే సరిగ్గా వాడాక కళ్ల కింద తేటపడినవాళ్లని నేను చూశాను, ఒక్క ఐ క్రీమ్ కూడా కొనకుండానే. ఇంకో సంగతి, కళ్లు బాగా నలుపుకునే పిల్లలకు కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, ఆకారం చెడి చూపు మసకబారే కెరటోకోనస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. నలుపు కన్నా అది పెద్ద బెంగ.

రాపిడి అంటే చేత్తో నలుపుకోవడమే అనుకోకండి. సున్నిపిండి ఒంటికి మంచిదే, నలుగు పెట్టుకోండి, కానీ కళ్ల కింద రుద్దకండి. స్క్రబ్బులకీ అదే మాట. కాటుకని తువ్వాలుతో తుడిచేవాళ్లు రోజూ ఆ చర్మానికి గరుకు కాగితం పెడుతున్నట్టే. దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, మూసిన కంటి మీద అర నిమిషం ఊరికే ఆనించి ఉంచండి. కాటుక దానంతటదే వదులుతుంది, అప్పుడు ఒక్కసారి మెల్లగా తుడిచి మామూలు ఫేస్‌వాష్‌తో కడిగేయండి.

జుట్టుకి డై వేసుకున్న ఒకటి రెండు రోజులకి రెప్పలు దురద పెట్టి, ఉబ్బి, తర్వాత నల్లబడుతున్నాయా? డైలోని పీపీడీ అనే రసాయనం పడకపోతే తల మీద ఏమీ లేకుండా రెప్పల మీదే ముందు తెలియొచ్చు. గోళ్ల రంగు కూడా అంతే. వేళ్లకి ఏమీ కాదు, ఆ వేళ్లతో ముట్టుకున్న రెప్పలకే దద్దురు వస్తుంది. ఇలాంటిది ఉంటే వస్తువు మానేయడమే మందు.

రక్తం సంగతి

రెప్ప లోపలి పొర పాలిపోయిందంటే క్రీముల అల్మారా వైపు చూడకండి, ల్యాబుకి వెళ్లండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం కన్నా ఎక్కువ మంది. రక్తం తగ్గి ముఖం పాలిపోతే కళ్ల కింది సిరలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గర్భంతో లేని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకి తగ్గకూడదు. సీబీసీ అనే మామూలు రక్తపరీక్షతో పాటు ఫెరిటిన్ కూడా చేయించుకుంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో తెలుస్తుంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే డాక్టరుకి అది కూడా చెప్పాలి. సిగ్గుపడి చెప్పకుండా వచ్చేసి ఐరన్ మాత్రలు మాత్రం కొనుక్కునేవాళ్లు ఎంతమందో!

మాత్రలు కొనడం ఒక ఎత్తు, వేసుకోవడం ఇంకో ఎత్తు. పొద్దున ఇడ్లీ తిని, ఐరన్ మాత్ర వేసుకుని, దాని మీద గ్లాసుడు కాఫీ తాగితే ఆ మాత్ర చాలావరకు వృథా. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, అసిడిటీ మాత్ర, వీటికీ ఐరన్‌కీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్లతోనో ఉసిరికాయతోనో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఆపేయకండి, నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు వాడమని డాక్టర్లు చెబుతారు. గోంగూర, తోటకూర రోజూ తింటున్నాం కదా అంటారు. తినండి, మంచిదే. కానీ ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ, మాంసం తినేవాళ్లకి లివర్‌తో వచ్చేది ఎక్కువ. పూర్తి శాకాహారులు బీ12 కూడా చూపించుకోండి, అది తగ్గినా చర్మం అక్కడక్కడ నల్లబడుతుంది.

నిద్ర గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అమెరికా షిఫ్టులు చేసే పిల్లలకి పగలు నిద్రపోయే గదికి మందపాటి కర్టెన్లు వేయమంటాను, అంతే. పొద్దున కళ్ల కింద సంచులు కడుతుంటే రాత్రి భోజనంలో ఊరగాయ, అప్పడం తగ్గించి, తల కింద ఇంకో దిండు పెట్టుకోండి. ఉప్పు ఒంట్లో నీరు పట్టి ఉంచుతుంది, చదునుగా పడుకుంటే ఆ నీరు కళ్ల కింద చేరుతుంది. ఆ ఉబ్బు నీడే నలుపులా కనిపిస్తుంది.

కొనేదేమైనా ఉంటే

మొదట సన్‌స్క్రీన్. గోధుమ రంగు నలుపు ఉన్నవాళ్లు ఇది లేకుండా ఎంత ఖరీదైన సీరం రాసినా ఎండ దాన్ని మళ్లీ మొదటికి తెస్తుంది. ఎస్పీఎఫ్ (SPF) 30 లేదా ఆపైన, పీఏ త్రిబుల్ ప్లస్ (PA+++) అని డబ్బా మీద చూసుకోండి. మామూలువి చెమటకి కారి కళ్లు మండుతుంటే జింక్ ఆక్సైడ్ ఉన్నది అడగండి. లేత గోధుమ రంగు కలిపిన టింటెడ్ రకం మన చర్మానికి ఇంకా మంచిది. అందులోని ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే వెలుతురుని కూడా అడ్డుకుంటాయి, మన రంగు చర్మంలో అది కూడా మచ్చల్ని ముదురుస్తుంది. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. కుదరనివాళ్లకి పెద్ద చలువ కళ్లద్దాలు. అవి పెట్టుకుంటే ఎండకి కళ్లు చికిలించడమూ తగ్గుతుంది.

దాని తర్వాత గోధుమ రంగుకి నియాసినమైడ్ 5 శాతం దాకా ఉన్నది, లేదా విటమిన్ సీ. రాత్రిపూట తక్కువ మోతాదు రెటినాల్ వారానికి రెండు రోజులతో మొదలుపెట్టొచ్చు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాల్ ముట్టుకోకూడదు. ఇవన్నీ ఒకేసారి కొనకండి. ఒకటి మొదలుపెట్టి, నెల చూసి, పడితే రెండోది. నీలం రకానికి కెఫీన్ ఉన్న ఐ క్రీమ్ కొన్ని గంటలు నాళాలని కుదించి తేటగా చూపిస్తుంది, సాయంత్రానికి మళ్లీ మామూలే. ఫంక్షన్ రోజున సరే, చికిత్స అనుకుని కొంటే నిరాశే. నీడ రకానికి ఏ క్రీమూ గుంటని పూడ్చదు.

రాసే తీరు కూడా ముఖ్యమే. రెండు కళ్లకీ కలిపి పెసరగింజంత చాలు. ఉంగరం వేలికి బలం తక్కువ, ఆ వేలితోనే తీసుకుని, కంటి గుంట అంచున చేతికి తగిలే ఎముక మీద చుక్కలు చుక్కలుగా పెట్టి మెల్లగా తట్టండి. రెప్ప వెంట్రుకల దాకా తీసుకెళ్లొద్దు, ఒంటి వేడికి అది దానంతటదే కొంత పైకి పాకుతుంది. మండితే కడిగేసి, రెండు రోజులు ఉత్త మాయిశ్చరైజర్ మీద ఉండండి. మంట వచ్చిన చర్మం నల్లబడుతుంది, అది మన చర్మం గుణం.

ఈ ట్యూబు మాత్రం అడగొద్దు

"ఫలానా క్రీమ్ ఇవ్వండి, మా తోటికోడలికి పది రోజుల్లో తెల్లబడింది" అంటారు. ట్యూబు వెనక్కి తిప్పి చూడండి. మోమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్, ఈ పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. మొదటి రెండు వారాలు ముఖం నిగనిగలాడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి, ఎర్రటి సన్న నాళాలు తేలి, కళ్ల కింద మునుపటి కన్నా ముదురుగా తయారవుతుంది. కళ్ల దగ్గర ఎక్కువ రోజులు రాస్తే గ్లకోమా (కంట్లో ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), శుక్లాలు వచ్చే ప్రమాదం కూడా ఉంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఇవ్వను. ఇవ్వనంటే పక్క వీధికి వెళ్లి తెచ్చుకుంటారు, ఆ సంగతీ తెలుసు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు రేపట్నుంచి టక్కున ఆపేయకండి, ముఖం భగ్గుమంటుంది. ట్యూబు పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళితే ఎలా తగ్గించాలో చెబుతారు.

తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు లేని ఫెయిర్‌నెస్ క్రీముల్లో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు రాసుకున్న కొందరికి కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి వార్తల్లో చూసే ఉంటారు.

వంటింటి వైద్యం అంటారా, కీరదోస చక్రాలు, చల్లటి టీ బ్యాగులు, ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా, వీటి గుణమంతా చల్లదనంలోనే ఉంది. ఉబ్బుకి భేషుగ్గా పనిచేస్తాయి, రంగుకి కాదు. బంగాళదుంప రసం వల్ల చాలామందికి నష్టం లేదు, లాభమూ అంతంతే. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు మాత్రం కళ్ల చుట్టుపక్కలకి రానీయకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి మచ్చ పడుతుంది.

డాక్టరు చూడాల్సినవి

ఒక్క కన్ను కిందే నలుపు వచ్చినా, దెబ్బ తగలకుండా కమిలినట్టు కనిపించినా ఆగొద్దు. పొద్దున కళ్లు ఉబ్బి, సాయంత్రానికి పాదాలు కూడా ఉబ్బుతుంటే మూత్ర పరీక్ష, కిడ్నీ పరీక్ష చేయించాలి. మెడ, చంకలు నల్లగా మందంగా ఉన్నాయంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని అర్థం కావచ్చు, షుగర్ చూపించుకోండి. బరువు తగ్గితే మెడతో పాటు కళ్ల కింద కూడా కొంత తేటపడొచ్చు. పిల్లాడు నోరు తెరుచుకుని గురక పెడుతూ నిద్రపోతుంటే ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగాయేమో చూడమని ఈఎన్‌టీ డాక్టరుని అడగండి.

గ్లకోమాకి లాటానోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ చుక్కలు వేసుకునే పెద్దవాళ్లకి కళ్ల చుట్టూ నల్లబడటం ఆ మందు గుణమే. అది చూసి చుక్కలు ఆపేస్తే చూపుకే ముప్పు. చుక్క వేశాక రెప్ప మీద పడిన మందుని తడి దూదితో అద్ది, కంటి డాక్టరుకి చెప్పండి, అవసరమైతే మందు మారుస్తారు.

పీల్స్ (చర్మం పై పొరని ఊడదీసే పూత), లేజర్, ఫిల్లర్ల (గుంటని నింపే ఇంజెక్షన్) గురించి అడుగుతారు. గుంట నీడకి ఫిల్లర్ పనిచేస్తుంది. కానీ సూది రక్తనాళంలోకి వెళితే చూపు పోయిన సందర్భాలు ఉన్నాయి, అరుదే అయినా. పార్లర్లో వేయించుకునే పని కాదు, ఆ పనిలో చేయి తిరిగిన డెర్మటాలజిస్టో ప్లాస్టిక్ సర్జనో చేయాలి. లేజర్, పీల్ మన రంగు చర్మానికి మోతాదు తప్పితే ఉన్న నలుపుని పెంచుతాయి. ఆరు నెలలు సన్‌స్క్రీన్ రాయలేనివాళ్లు ఆ ఖర్చు పెట్టకపోవడమే నయం.

గోధుమ రంగు ఏదైనా పల్చబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రోజూ అద్దం చూసుకుంటే తేడా తెలియదు. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి, ఫిల్టర్ లేకుండా ఒక ఫోటో తీసుకోండి. మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ మారకపోతే ఆ క్రీమ్ మళ్లీ కొనకండి, చర్మ డాక్టరుకి చూపించుకోండి.

వచ్చే వారమే పెళ్లి ఉంటే మాత్రం చికిత్సలన్నీ పక్కన పెట్టి మేకప్ మీద ఆధారపడండి, కొత్త సీరం అస్సలు మొదలుపెట్టకండి. నలుపు మీద నేరుగా తెల్లటి కన్సీలర్ వేస్తే బూడిద పూసినట్టు ఉంటుంది. ముందు నారింజ లేదా పీచ్ రంగు కరెక్టర్ పల్చగా తట్టి, అది నలుపుని అణిచాక మీ ఒంటి రంగు కన్సీలర్ వేయించుకోండి. ఏది వేసినా వారం ముందే మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూసుకోవాలి. పెళ్లి రోజు ఎంత అలిసిపోయినా ఆ మేకప్‌తో పడుకోకుండా, నూనె దూది ఆనించి తీసేశాకే పడుకోండి.